పేరు రాయని ప్రార్థన

28 ఫిబ్రవరి 1979, బుధవారం. రాయగడ

ఆరు వారాలు నోరెత్తకూడదట.

నిన్న విశాఖపట్నంలో గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల రెండు కాయలు కాసేయన్నాడు. ఏప్రిల్ పదకొండున మళ్ళీ రమ్మన్నాడు. అంతవరకూ మాట లేదు, పాట లేదు, గుసగుస అసలే వద్దు, అది మరీ చేటు అన్నాడు. ఏం పని చేస్తారని అడిగితే రైల్వేలో యార్డు మాస్టరునని చెప్పేను. "ఇంజన్ల మధ్య కేకలేస్తారా?" అన్నాడు. వెయ్యకపోతే బండ్లు గుద్దుకోవా మరి. అమ్మడు పక్కన ఊరికే కూర్చోవచ్చు కదా, కూర్చోలేదు. "యార్డులో తక్కువేనండి, చర్చిలో ఎక్కువ. ఈయన ప్రార్థన ఎత్తుకుంటే ముప్పావుగంట" అంది. డాక్టరు పకపకా నవ్వేడు. కట్టుకున్న పెళ్ళామే ఇలా అంటే పైవాళ్ళు ఊరుకుంటారా?

ఇక్కడి తెలుగు సంఘంలో ఎవర్నయినా అడగండి. పెళ్ళికైనా, చావుకైనా, కొత్త ఇంటికైనా ఏలియాగారి ప్రార్థన ఉండాలి. గుణుపురం నించి కూడా పిలుచుకెళ్ళేరు నన్ను. అలాంటివాడికి ఈ శిక్ష.

సాయంత్రం పాస్టరు దేవసహాయంగారు వచ్చి కొత్త నోటుబుక్కు చేతిలో పెట్టేరు. "ప్రార్థన రాయండి ఏలియాగారూ. ఆదివారం మీ బదులు రమణమూర్తి మేష్టారు చదువుతారు. ఒక్కటే నియమం. రాసినదాన్ని మర్నాడు మళ్ళీ చదవండి. చెప్పింది గాలికి పోద్ది, రాసింది ఉండిపోద్ది" అన్నారు.

ఆ పుస్తకం దేవుడిది. ఇది నాది. రైల్వే డైరీ, రెండు నెలల నించి ఖాళీగా పడుంది. ఇందులో నా కోపం రాసుకుంటాను. ఆ పుస్తకంలో రాస్తే పాస్టరుగారు చూస్తారు.

ఇవాళ భస్మ బుధవారం. ఈస్టరు దాకా నలభై రోజుల శ్రమదినాలు మొదలు. బాగానే కుదిరింది.

1 మార్చి, గురువారం

యార్డులో ఇబ్బంది లేదు. పచ్చజెండా ఊపితే ఇంజను కదులుతుంది, ఎర్రజెండా చూపితే ఆగుతుంది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సోములు ఎప్పుడూ నా చెయ్యి చూసే పని చేస్తాడట, నా కేక ఏనాడూ వినలేదట. ఈ సంగతి ఇరవయ్యేళ్ళ తరవాత ఇవాళ చెప్పేడు.

ఇంట్లోనే ఇబ్బంది. పలక కొనుక్కొచ్చి 'కాఫీ' అని రాసి చూపించేను. అమ్మడు తల తిప్పలేదు. పలక గోడకేసి కొడితే అప్పుడు చూసింది. "మౌనం అర్ధాంగీకారం అంటారు. అయితే ముప్పయ్యేళ్ళకి నా మాటకి ఒప్పుకున్నారన్నమాట" అంది. శ్రమదినాలు నాకు, పండగ ఆవిడకి.

3 మార్చి, శనివారం

రేపటి ప్రార్థన రాసేను. పేజీన్నర వచ్చింది. మళ్ళీ చూసేను, పేజీన్నరే. నోటితో అయితే ముప్పావుగంట అయ్యేది, మరి మిగతాదంతా ఏటయిపోయినట్టు? మర్నాటిదాకా ఆగలేక ఇప్పుడే చదివేను. 'ప్రభువా' అన్నమాట ఇరవైమూడు సార్లుంది. అవి తీసేస్తే పేజీ.

మంచి పేజీయే. దేశం ఉంది, వానలు ఉన్నాయి, రోగులున్నారు, ప్రయాణికులున్నారు, సినిమాలకు పోతున్న చెల్లెళ్ళున్నారు. చివర్లో వరహాలమ్మ ఉంది. 'వరహాలమ్మ గర్వమును అణచి ఆమెను నీ మందిరమునకు తిరిగి నడిపించుము' అని రాసేను. ఆమె చర్చికి వచ్చి నెల కావస్తోంది. సంఘ పెద్దగా రాయడం నా ధర్మం.

4 మార్చి, ఆదివారం

పొద్దున్నే వరహాలమ్మ మాట కొట్టేసి మేష్టారికి ఇచ్చేను. స్థలం చాలలేదు.

ఆయన నా ప్రార్థన పిల్లలకి డిక్టేషను చెప్పినట్టు చదివేరు. కామా దగ్గర ఆగేరు, ఫుల్‌స్టాపు దగ్గర ఇంకొంచెం ఆగేరు. మూడు నిమిషాల్లో అయిపోయింది. వెనక బెంచీలో ఎవరో "హమ్మయ్య" అన్నారు. ముప్పయ్యేళ్ళుగా ఆ గొంతు నాకు తెలుసు.

ఇంకో సంగతి. నోరు పెట్టే పని లేదు కదా, కళ్ళు మూసుకోవడం మర్చిపోయేను. యాభైనాలుగేళ్ళ వయసులో ప్రార్థన జరుగుతుంటే కళ్ళు తెరుచుకుని కూర్చోవడం ఇదే మొదలు. 'సినిమాలకు పోతున్న చెల్లెళ్ళు' అనగానే కంపౌండరుగారి అమ్మాయి చిన్నమ్మి తల దించేసింది. చెవులదాకా ఎర్రబడింది. నేను పేరు రాయలేదు కదా? అయినా నలుగురైదుగురు కళ్ళు తెరిచి ఆ పిల్లనే చూసి మళ్ళీ భక్తిగా మూసుకున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను అప్పుడు. ఇంటికొచ్చాక అలా అనుకున్నందుకు మనసు బాగోలేదు.

ఇవాళ బల్ల ఆదివారం, నెలకోసారి అందరం రొట్టె పంచుకునే రోజు. ప్రభువు బల్లకి బేకరీ బన్ను ముక్కలు కోసి పెట్టేరు. తియ్యగా ఉంది. జనవరి దాకా వరహాలమ్మ గోధుమరొట్టె కాల్చి తెచ్చేది. పులియని రొట్టె, పెనం మీద చుక్కలు చుక్కలుగా కాలి ఉండేది. ఇప్పుడు మానేసింది.

7 మార్చి, బుధవారం

శ్రమదినాల కూటం. వరహాలమ్మ రాలేదు. ఆమె ఇష్టం.

11 మార్చి, ఆదివారం

రాలేదు.

12 మార్చి, సోమవారం

పాస్టరుగారు వచ్చి నోటుబుక్కు తిరగేసేరు. కొట్టేసిన వాక్యం కూడా చదివేరు. 'గర్వమును' అన్నమాట కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, టీ తాగి వెళ్ళిపోయేరు. ఒక్క మాట అడగలేదు. అడిగితే జవాబు రాసి చూపిద్దును. అడగనివాళ్ళతో మహా కష్టం.

వాక్యం మార్చేను. 'వరహాలమ్మకు ధైర్యమిమ్ము.'

13 మార్చి, మంగళవారం

మర్నాడు చదవమన్నారు కాబట్టి చదివేను. ధైర్యం ఇమ్మన్నాను, బాగానే ఉంది. మరి ఉన్న ధైర్యం ఎవరు పోగొట్టినట్టు?

'వరహాలమ్మ విషయములో సంఘమును క్షమించుము' అని రాసేను. ఇది బాగుంది. సంఘం అంటే అందరూ.

14 మార్చి, బుధవారం

చదివేను. సంఘం అంటే ఎవరూ కాదు.

15 మార్చి, గురువారం

ఈ డైరీ ఎవరికీ చూపించేది కాదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాసేస్తాను.

వరహాలమ్మ రైల్వే క్వార్టర్సులో మూడిళ్ళలో అంట్లు తోమేది. మొగుడు అస్సాం తేయాకు తోటల్లో ఉన్నాడని చెప్పుకునేది. మొన్న డిసెంబరులో ఒక మధ్యాహ్నం యార్డు గేటు దగ్గరికి వచ్చింది. "బాబూ, మా ఆయన అస్సాంలో లేడు. పెద్దరోగం వచ్చి నాలుగేళ్ళనించి ఆస్పత్రిలో ఉన్నాడు. మీ నోట సెప్తే దేవుడు ఇంటాడంతారు. నలుగురిలో వద్దు బాబూ, మీ లోపల సెప్పుకోండి" అంది. కుష్టన్నమాట. ఇంకా ఏదో చెప్పింది. అప్పుడే గూడ్సు లోపలికి వస్తోంది, నా చూపు దానిమీద ఉంది. సరే సరే అన్నాను.

జనవరి ఏడు, బల్ల ఆదివారం. ప్రార్థన నాది. ఆ రోజు నోరు ఎంత బాగా తిరిగిందో. మాట వెనక మాట తోసుకొచ్చింది. "ప్రభువా, మా సోదరి వరహాలమ్మ పెనిమిటి పెద్దరోగంతో ఆస్పత్రిలో కుళ్ళుతున్నాడు" అన్నాను. అవును, కుళ్ళుతున్నాడనే అన్నాను. "అతన్ని ముట్టి శుద్ధుణ్ణి చెయ్యి" అని ఏడ్చేను. నిజంగానే ఏడ్చేను. సభంతా ఆమెన్ అంటే కప్పు రేకులు అదిరేయి. నేను కళ్ళు తుడుచుకుని చూసేసరికి వరహాలమ్మ తన రొట్టె పళ్ళెం మీద గుడ్డ సర్దుతోంది. ఆ రోజు ఆ రొట్టె ఎంతమంది తీసుకున్నారో నేను చూడలేదు. చూడాలని తోచలేదు.

ఆ వారంలోనే మూడిళ్ళవాళ్ళూ ఆమెని పని మాన్పించేరు. మా ఇల్లు ఆ మూడింటిలో లేదు. ఫిబ్రవరి నాలుగున రొట్టె మూట పట్టుకుని వచ్చింది. అప్పటికే స్త్రీల సమాజం వాళ్ళు బల్లమీద బన్నులు పెట్టి ఉంచేరు. మూట విప్పకుండా ఇంటికి పట్టుకుపోయింది. అంతే, మళ్ళీ కనబడలేదు.

మానేసింది అని పైన రాసేను. మానేసింది కాదు, మాన్పించేరు.

మాన్పించేరు అని బహువచనం రాసేను, చూడు.

కానీ నేను చేసింది ప్రార్థనే కదా. ప్రార్థించడం తప్పా?

16 మార్చి, శుక్రవారం

చివరి వాక్యం మళ్ళీ చదివేను. జవాబు తెలిసే అడిగినట్టుంది.

18 మార్చి, ఆదివారం

ఈసారి వాయిదా వెయ్యకుండా వరహాలమ్మ మొగుడి కోసం సరైన ప్రార్థన రాద్దామని కూర్చున్నాను. 'ప్రభువా, నీ దాసుడైన' దగ్గర కలం ఆగిపోయింది.

అతని పేరు నాకు తెలియదు. సభ మధ్యలో అతని కోసం ఏడ్చిన మనిషిని, పేరు తెలియదు. నోటితో అయితే 'పెనిమిటి' అని ఊదేసి ముందుకు పోయేను. కాగితం మీద ఆ ఖాళీ అలాగే కనిపిస్తోంది.

19 మార్చి, సోమవారం

పలక మీద రాసి అమ్మడిని అడిగేను: 'వరహాలమ్మ మొగుడి పేరేటి?'

చదివి పలక తిరిగి ఇచ్చేసింది. "నాకు తెలీదు. తెలిసినా మీకు చెప్పను" అంది.

అప్పుడు బయటపడింది. ప్రతి శనివారం సంతకని వెళ్ళి రెండింటికి గానీ రాదు కదా ఈవిడ. జనవరి నించీ వరహాలమ్మ ఇంట్లో కూర్చుని, ఆమె చేతి చోడంబలి తాగి వస్తోందట. నాకు ఒళ్ళు మండిపోయింది. 'నాకెందుకు చెప్పలేదు?' అని పలక విరిగిపోయేలా రాసేను.

"మీకు చెప్తే ఆదివారం దేవుడికి చెప్పేస్తారు కదండీ" అంది, కూర కలుపుతూనే.



22 మార్చి, గురువారం

వెళ్ళేను. లెవెల్ క్రాసింగు దాటాక మట్టిగోడల వరస, అందులో చివరిది. వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది. ఇప్పుడు అదే బతుకుతెరువు. నన్ను చూసి లేచింది గానీ రమ్మనలేదు.

ఇంటిదగ్గరే పలక మీద రాసుకుని వెళ్ళేను: 'తప్పు చేసేను. మీ ఆయన పేరు చెప్పు, ప్రార్థన చెయ్యాలి.' చూపించేను. పలకకేసి చూసింది, నాకేసి చూసింది.

"నాకు సదువు రాదు కదా బాబూ" అంది.

ఏడేళ్ళుగా ఒకే చర్చిలో ఉన్నాం. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే నేనే ఒకసారి తిప్పి ఇచ్చేను కూడా. మర్చిపోయేను.

పక్కింటి మనిషి గబగబా వచ్చింది. "ఇలా తెండి బాబూ, మా పిల్ల సదివేత్తాది" అని చెయ్యి చాపింది. నేను చొక్కా చేతితో పలకంతా తుడిచేసేను. ఆలోచించి చేసింది కాదు, చెయ్యే చేసేసింది. తెల్ల చొక్కా, మోచేతిదాకా బలపం పొడి.

వరహాలమ్మ ఆ చొక్కా చేతినే చూస్తూ నిలబడింది. "నోరు బాగయ్యేక రండి. ఏటి సెప్పాలనున్నా నాకు సెప్పండి. దేవుడికి తరవాత" అంది.

25 మార్చి, ఆదివారం

ఇంత సులువైన దారి ఇన్నాళ్ళూ తట్టలేదేమిటి? నోటితో చెప్పలేను గానీ రాయగలను కదా. సభ ముందు నా తప్పు ఒప్పుకుంటూ పెద్ద ప్రార్థన రాస్తాను. ఈస్టరు ముందొచ్చే మట్టలాదివారం మేష్టారు చదువుతారు. ఆమె పరువు ఎక్కడ పోయిందో అక్కడే తిరిగి వస్తుంది.

29 మార్చి, గురువారం

ఎనిమిది పేజీలు అయ్యింది. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చేయి. ఇంత బాగా నోటితో కూడా ఎన్నడూ చెయ్యలేదు. ఇది చదివిన రోజున సభలో పొడిగా ఉన్న కన్ను ఒక్కటి మిగలదు.

1 ఏప్రిల్, ఆదివారం

బల్ల ఆదివారం. బన్ను. నమలలేక నీళ్ళతో మింగేను.

3 ఏప్రిల్, మంగళవారం

అమ్మడు ఆ ఎనిమిది పేజీలూ చదివింది. బల్లమీద పెట్టి మరిచిపోయేను. నిజం చెప్పాలంటే చదవాలనే పెట్టేను. మెచ్చుకుంటుందనుకున్నాను.

చదివి కళ్ళజోడు తీసింది. "మళ్ళీ ఆవిడ పేరేనా అండీ?" అంది. "మళ్ళీ నలుగురిలోనేనా? మళ్ళీ ఆ రోగం మాటేనా? జనం ఇప్పుడిప్పుడే మర్చిపోతున్నారు. మీరు ఏడుస్తూ గుర్తు చేస్తారు. అందరూ ఇంటికెళ్తూ ఏలియాగారు ఎంత పెద్దమనసు అనుకుంటారు. ఆవిడ మళ్ళీ విస్తళ్ళు కుట్టుకుంటుంది."

పలక తీసి నేలకేసి కొట్టేను. విరిగింది. ఇక ఆవిడతో మాట్లాడను.

4 ఏప్రిల్, బుధవారం

మాట్లాడలేదు. ఆవిడకి తేడా తెలిసినట్టు లేదు.

5 ఏప్రిల్, గురువారం

మర్నాడు చదవాలన్న నియమం దీనికి మాత్రం పాటించలేదు నేను. ఇవాళ చదివేను, పెన్సిల్ పట్టుకుని.

ఎనిమిది పేజీల్లో వరహాలమ్మ పేరు పంతొమ్మిది సార్లుంది. పెద్దరోగం ఏడు సార్లు. 'నేను తప్పు చేసితిని' ఒక్కసారి, ఎనిమిదో పేజీ అడుగున, అదీ 'తెలియక' అన్న మాట తగిలించి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి డాక్టరు తాళం వేస్తే చెయ్యి ఆ పని అందుకుంది. సిగ్గుతో చచ్చిపోయేను. ఇది కోపం కాదు, సిగ్గే.

కాగితాలు పొయ్యిలో పెట్టేను. అమ్మడు చూసింది. ఆ మంట మీదే కాఫీకి నీళ్ళు పెట్టింది. ఇద్దరం తాగేం.

8 ఏప్రిల్, మట్టలాదివారం

మేష్టారికి చీటీ ఇచ్చేను. 'ప్రభువా, ఇన్నాళ్ళూ నేనే మాట్లాడేను. ఆమెన్.' ఆయన చదివేసి, ఇంకా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూసేరు. చిన్నమ్మి కిసుక్కుమంది. నవ్వనీ పాపం.

11 ఏప్రిల్, బుధవారం

విశాఖపట్నం. కాయలు కరిగిపోయేయట. డాక్టరు "ఆ" అనమన్నాడు, అన్నాను. అది మాట కాదు కాబట్టి లెక్కలోకి రాదు. రోజుకి అయిదు నిమిషాలు, మెల్లిగా. కేకేస్తే మళ్ళీ మొదటికొస్తుందన్నాడు, ఈసారి కత్తి పెట్టాలట.

తిరుగు బండిలో అమ్మడు నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారి నా పేరు పిలవండి. ఆరు వారాలయింది. మీ అరుపులు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు" అంది. అయినా కొత్త పలక తీసి రాసేను: 'మొదటి మాట వేరేచోట చెప్పాలి.'

చదివి కిటికీ వైపు తిరిగిపోయింది. పార్వతీపురం దాటాక నారింజ వలిచి సగం నాకిచ్చింది. "సరే. చెప్పి రండి" అంది.

13 ఏప్రిల్, శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన అయ్యాక తిన్నగా లెవెల్ క్రాసింగు అవతలికి వెళ్ళేను. పక్కింటి తలుపు మూసి ఉంది, మంచిదయ్యింది. వరహాలమ్మ విస్తరి కుడుతూనే ఉంది.

"అమ్మా" అన్నాను. తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టుంది నా గొంతు. అది నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. "నలుగురిలో వద్దన్నావు. నలుగురిలోనే చెప్పేను. తెలియక చెయ్యలేదు. నా ప్రార్థన గొప్పగా ఉండాలని చేసేను. తప్పు నాదే."

ఆమె పుల్ల గుచ్చుతూ తలెత్తకుండా అడిగింది. "ఆ రోజు గేటు కాడ నానేటడిగేనో మీకు గేపకముందా బాబూ?"

"మీ ఆయనకి నయం కావాలని."

విస్తరి పక్కన పెట్టేసింది.

"నయమైపోనాది బాబూ అప్పుటికే. ఇంకెవులికీ అంటదని డాక్టర్లు కాయితం కూడా ఇచ్చినారు. 'ఇంటికొస్తాను, ఎవులన్నా ఏటన్నా అంతారేమో' అని ఆయన బయపడ్డాడు. ఎవులూ ఏటీ అడక్కుండా, అస్సాం నించి వచ్చినట్టే వచ్చి ఇంట్లో కూకునేటట్టు సూడమని దేవుడికి సెప్పండి అన్నాను. అదే నానడిగినాది. మీరు ప్రార్థన సేసేక, రావద్దని నానే కబురెట్టేను."

గూడ్సు వస్తోంది అప్పుడు. నేను సరే సరే అన్నాను.

గుమ్మం మీద కూలబడ్డాను. ఏడుపు ముంచుకొచ్చింది, ఆపుకున్నాను. నా ఏడుపు ఆమె ఒకసారి చూసింది, అది చాలు. ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగేను.

"ఆదివారం బల్లకి రొట్టె చేస్తావా?" అని అడిగేను.

"ఎవులు తింతారు?"

"నేను."

"ఇంకెవులు?"

ఆలోచించేను. ఆమెకి అబద్ధం చెప్పదలుచుకోలేదు. "అమ్మడు" అన్నాను.

"అయితే ఇద్దరికే సేస్తాను. మిగిలింది మూట కట్టుకుని ఇంటికి రావడం ఇంక నా వల్ల కాదు" అంది.

అయిదు నిమిషాల్లో కొంచెం మిగిలింది. ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మడూ" అన్నాను. గరిటె గిన్నెలో వదిలేసి అటే తిరిగి నిలబడిపోయింది.

15 ఏప్రిల్, ఈస్టరు ఆదివారం

పాస్టరుగారు బల్లమీద రెండు పళ్ళేలు పెట్టేరు. ఒకదానిలో బన్ను, ఒకదానిలో అరచేయంత గోధుమరొట్టె. ఎవరిదేదో ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. సభంతా ముప్పావుగంటకి సిద్ధపడి సర్దుకుని కూర్చుంది. చిన్నమ్మి గోడకి జేరబడింది. నేను కళ్ళు మూసుకోలేదు. "ప్రభువా, నీ బల్ల దగ్గర ఎవరూ ఎవర్నీ ఆపకుండా చూడు. ముందు నన్ను చూసుకో. ఆమెన్" అని కూర్చున్నాను. ఆమెన్ అనడానికి ఒక్కరూ తయారుగా లేరు.

రొట్టె మొదట నేను తీసుకున్నాను. తరవాత అమ్మడు. ఆ తరవాత ఎవరూ కదల్లేదు. అప్పుడు చిన్నమ్మి లేచింది. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఆపబోతే విడిపించుకుని వచ్చి ఆ పళ్ళెంలోంచే తీసుకుంది. తరవాత రమణమూర్తి మేష్టారు వచ్చేరు. పాస్టరుగారు ముక్కల్ని ఇంకా చిన్నవి చేసేరు. మొత్తం పదకొండుమంది. మిగతా నలభైమందీ బన్ను తిన్నారు. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇద్దరి రొట్టె పదకొండుమందికి వచ్చింది. పాత ఏలియా అయితే దీనిమీద ముప్పావుగంట లాగేవాడు.

చుక్కలు చుక్కలుగా కాలింది. ఉప్పు సరిపోయింది. వరహాలమ్మ చివరి బెంచీలో కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుడ్డ మడిచి ఖాళీ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది. నాకేసి చూడలేదు.

22 ఏప్రిల్, ఆదివారం

వచ్చింది. అదే బెంచీ.

28 ఏప్రిల్, శనివారం

సాయంత్రం విజయనగరం పాసింజరు దిగిన జనంలో వరహాలమ్మ కనబడింది. ఎదురెళ్ళి తీసుకొచ్చినట్టుంది. పక్కన ఒక సన్నపాటి మనిషి. పొడుగు చేతుల చొక్కా, మణికట్టుదాకా గుండీలు పెట్టుకున్నాడు, చేతిలో రేకుపెట్టె. బయటికి వెళ్ళే గేటు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. ఆయన జంకి ఆగిపోయేడు. వరహాలమ్మ అటూ ఇటూ చూసి, నన్ను చూసింది. తిన్నగా ఆయన్ని నా దగ్గరికే తీసుకొచ్చింది.

"ఈ బాబే" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఆయన దండం పెట్టేడు. రెండు వేళ్ళు సాగలేదు. ఆ రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. "మీ పేరు?" అని అడిగేను. ఆయన భార్య మొహంలోకి చూసేడు. ఆమె కాసేపు నన్ను చూసి తల ఊపింది.

ఆయన పేరు చెప్పేడు.

యార్డులోంచి అడ్డంగా పోతే లెవెల్ క్రాసింగు దగ్గర. షంటింగు ఇంజను వస్తుంటే ఎర్రజెండా చాపి ఆపేసేను. ముగ్గురం పట్టాలు దాటేం, రేకుపెట్టె నేనే పట్టుకున్నాను. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టేడు. సోములు పరిగెత్తుకొచ్చి "ఎవలు బాబూ?" అన్నాడు.

"మా చుట్టాలు" అన్నాను. వాడు నా మాట వినడం అదే మొదలేమో, వెంటనే పెట్టె అందుకున్నాడు.

ఇంటికొచ్చి దేవుడి పుస్తకం తీసేను. 'ప్రభువా, నీ దాసుడైన' అని మార్చి పద్దెనిమిదిన ఆపేసిన వాక్యం అలాగే ఉంది, పక్కన ఖాళీ. కలం పెట్టబోయేను. రాసింది ఉండిపోద్ది అన్నారు కదా పాస్టరుగారు. ఆ పుస్తకం మూసేసేను. ఇక్కడా రాయను.

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, ఇవాళ్టి అయిదు నిమిషాల్లో మిగిలిన రెండు నిమిషాలూ ఆయన పేరు పెట్టి నోటితోనే ప్రార్థించేను. మెల్లిగా.

"ఎవరి కోసమండీ?" అని అమ్మడు వంటింట్లోంచి అడిగింది.

చెప్పలేదు.